అనుభవదారు కాలం

నల్లగొండల మా లా కాలేజీకి లిఫ్టు లేదు.
రెండో అంతస్తు ఎక్కేసరికి ఎక్స్‌టర్నల్ సారుకు ఆయాసమొచ్చింది.
ఫిల్టరు నీళ్ళేనా అని రెండుసార్లు అడిగి తాగిండు.
తర్వాత ఎల్లేశ్వరి థీసిస్ తెరిచి
ముప్పై ఒకటో ఫుట్‌నోటు చుట్టూ
ఎర్ర పెన్నుతోటి సున్నా చుట్టిండు.

"ఇదేంటమ్మా?
మాసమ్మ, వయసు డెబ్బై దాకా,
కంది చేను గెట్టు మీద, పొద్దుగూకే ముందు.
ఇది ఆధారమా?"

నేను గైడును. నడుమ మాట్లాడొద్దు.
తిరగని ఫ్యాను దిక్కు చూసుకుంట కూసున్న.

ఆయన వాదన తప్పుగాదు, నిజం చెప్పాలె.
ఒక భూమికి ఒకటే పేరుంటే
కోర్టు మెట్లు అరగవు, బ్యాంకు అప్పు ఆగదు,
పహాణీల రెండు కాలాలంటే రెండు కొట్లాటలు.
నేనూ అట్లనే రాసిన ఒకప్పుడు,
నా మొదటి వ్యాసంల, మంచి ఇంగ్లీషుల.

పట్టాదారు పేరు పక్కన సన్నగ ఉండేది ఆ రెండోది:
అనుభవదారు.
దొరల గడి గాదు, గీత గీసిన చిన్న గడి.
ఎవరు దున్నుతున్నరో పట్వారి వచ్చి చూసి రాయాలె.
చూడకుండ రాసినవీ ఉన్నయి.
మాసమ్మ ఒక ఏడు మానెమ్మయింది,
ఇంకో ఏడు ఆ గడిల ఆమె మొగని పేరొచ్చింది,
ఆయన చచ్చిపోయిన మూడేండ్లకు.
చట్టం మారింది, గడి పోయింది.
ఇంకో చట్టమొచ్చి మళ్ళ పెడతనంటున్నది.
నడుమ ఎన్ని వానకాలాలు పోయినయో
ఏ గెజిట్‌లా లేదు.

అనుభవం. ఎంత మాట పెట్టిన్రు దానికి!
హక్కు అనలే, ఆస్తి అనలే.
అడివిపందులకు కాపలా పన్న రాత్రులు దాంట్లనే,
మోకాళ్ళ నొప్పీ దాంట్లనే.

తెల్లకాయితం మీద కొన్న రెండెకరాల పదకొండు గుంటలు.
సాక్షులిద్దరు. ఇద్దరూ లేరు.
వేలిముద్ర వానకు నాని
నీలం మరకయి కూసుంది.
ఆ కాయితం పట్టుకొని ఎల్లేశ్వరి
రిటైరైన ఖలీలుల్లా సారు ఇంటికి పోయి
పాత సేత్వారు చదివించుకొచ్చింది.
"చూడు బేటీ, కబ్జా అని రాసుంది.
అప్పట్ల కబ్జాదారంటే సాగుజేసేటోడు.
ఇప్పుడేమో పేపర్ల తిట్టు."
మాట గూడ చేతులు మారింది,
రిజిస్ట్రేషన్ లేకుండ.

"ఆమె అబద్ధం చెప్పలేదని నీకెట్లా తెలుసు?"
మంచి ప్రశ్న. నేనైనా అడిగేదాన్నే.
ఎల్లేశ్వరి చున్నీ కొస వేలికి చుట్టుకుంట ఆగింది.

"తెల్వద్ సార్.
నా ముప్పయ్యో ఫుట్‌నోటు హైకోర్టు తీర్పు.
అది నిజమని గూడ నాకు తెల్వదు.
ఎవరు సంతకం పెట్టిన్రో తెలుసు, అంతే."

సారుకు నవ్వొచ్చిందో కోపమొచ్చిందో చెప్పలేను.
అప్పుడే అటెండరు ఉశయ్య చాయ్ తెచ్చిండు,
ఉస్మానియా బిస్కెట్లు రెండే ఉన్నయి,
ఎవ్వరూ ముట్టలే.

పాస్ చేసిండు, సవరణలతోటి.
మొదటిది: ముప్పై ఒకటి తీసెయ్యాలె,
లేకుంటే అనుబంధంల పెట్టాలె.
అంటే మాసమ్మ మళ్ళ పక్క గడిలకే.

సాయంత్రం క్లాక్ టవర్ కాడ జిరాక్స్ షాపుల
లాప్‌టాప్ ఒళ్ళె పెట్టుకొని అడిగింది ఆ పిల్ల:
"మేడం, తీసెయ్య. అనుబంధంల గూడ పెట్ట.
పేజీ కిందనే ఉంచుత, ఏమన్నా అననీ.
ఒక్కటే అడుగుత.
గెట్టుకు ఇంగ్లీషుల ఏం రాయాలె?"

నాకు మూడు మాటలు తోచినయి.
మూడిట్లనూ గీతే ఉన్నది,
కూసునే జాగ లేదు, గడ్డి లేదు,
సద్ది మూట విప్పిన మనిషి లేదు.

"గెట్టు అనే రాయి," అన్న.